షూటింగ్ అయిపోయింది, ఇప్పుడు దేంట్లో ఎడిట్ చేయాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఎడిటింగ్ చుట్టూనే తిరిగాయి. షూటింగ్ మొత్తం అయిపోయి కార్డులు నిండాక గానీ చాలామందికి సాఫ్ట్‌వేర్ సంగతి గుర్తు రావట్లేదు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, పేర్లు తీసేసి ఇస్తున్నాం.

ప్రశ్న: అన్నా, మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి 15 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం, ఎడిటింగ్ నా నెత్తిన పడింది. నాది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఒకడు ప్రీమియర్ ప్రో అంటాడు, ఇంకొకడు డావిన్చి రిజాల్వ్ తప్ప మిగతావన్నీ దండగ అంటాడు, యూట్యూబ్‌లో చూస్తే ఒక్కో వీడియోలో ఒక్కో టాప్ 10. ఏది ఎంచుకోవాలి?

జవాబు: తమ్ముడూ, నీకు సలహా ఇచ్చిన ఇద్దరూ తప్పు చెప్పలేదు, కాకపోతే వాళ్ళ వాళ్ళ కంప్యూటర్ల గురించి చెప్పారు, నీ లాప్‌టాప్ గురించి కాదు. ముందు చూసుకోవాల్సింది నీ మెషిన్, తర్వాత నీ ఫుటేజ్ ఏ రకం ఫైల్, ఆ తర్వాత ఈ ప్రాజెక్ట్ నువ్వు ఒక్కడివే ముగిస్తావా లేక ఇంకెవరి చేతికైనా ఇవ్వాలా అన్నది. ఈ మూడూ తేలితే పేరు దానంతట అదే తేలిపోతుంది.

రిజాల్వ్ చాలా మంచి సాఫ్ట్‌వేర్, నాకూ ఇష్టమే, కానీ అది పనిలో చాలాభాగాన్ని గ్రాఫిక్స్ కార్డ్ మీద వేస్తుంది. ప్లే అవ్వడం, కలర్ మార్చడం, ఎఫెక్ట్ వేయడం అన్నీ అక్కడే. 16 జీబీ ర్యామ్ ఉంటే గానీ దానికి ఊపిరి ఆడదు, దాని లోపలే ఉండే ఫ్యూజన్ అనే భాగంలో గ్రాఫిక్స్ చేయాలంటే 32 ఉంటే మేలు. నీ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ అవుతుంది, తెరుచుకుంటుంది కూడా, కానీ ప్రతి కట్‌కీ నువ్వు ఆగాలి, ఆగి ఆగి విసుగొచ్చి సినిమానే పక్కన పడేస్తావు. ఇలా హార్డ్ డిస్కుల్లోనే ఉండిపోయిన షార్ట్ ఫిల్ములు చాలానే చూశా.

నేనైతే నీకు కేడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ చెప్తా. రెండూ ఓపెన్ సోర్స్, పూర్తిగా ఫ్రీ, వాటర్‌మార్క్ లేదు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తాయి. రెండింటికీ లోపల పని చేసే ఇంజన్ కూడా ఒకటే, ఎంఎల్‌టీ అంటారు. షాట్‌కట్ తేలిక, మొదటిరోజే కట్ చేయడం వచ్చేస్తుంది. కేడెన్‌లైవ్ కొంచెం పెద్దది, ఎక్కువ ట్రాకులు పెట్టుకుని డైలాగ్ ఒకచోట, మ్యూజిక్ ఒకచోట, వెనక వినపడే గోల ఇంకోచోట పేర్చుకోవడానికి బాగుంటుంది. అప్పుడప్పుడూ చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది, అది నిజం, ఆటోసేవ్ ఉంది కాబట్టి మళ్ళీ తెరిస్తే చాలావరకు దొరుకుతుంది గానీ చెయ్యి కంట్రోల్ ఎస్ మీదే పెట్టుకో. 15 నిమిషాల కథకి కావాల్సిన కటింగ్, రెండు మూడు ఆడియో ట్రాకులు, కొంచెం కలర్, టైటిల్స్ ఇవన్నీ అందులో హాయిగా అయిపోతాయి.

నా మాట కూడా నమ్మకు, ఒక పరీక్ష పెట్టు. నీ సినిమాలోంచే ఒక నిమిషం సీన్ తీసుకో, అందులో ఫోన్ క్లిప్ ఒకటి, కెమెరా క్లిప్ ఒకటి, విడిగా రికార్డ్ చేసిన సౌండ్ ఉండాలి. కట్ చెయ్, మ్యూజిక్ వెయ్, ఒక షాట్‌కి కలర్ మార్చు, పేరు వెయ్, ఎక్స్‌పోర్ట్ కొట్టు. ఆ ఫైల్ ఫోన్లో చూడు, టీవీలో చూడు. పెదాలకీ మాటకీ కుదిరిందా, మూల మీద ఏమైనా లోగో వచ్చిందా, రంగు ఎడిటింగ్ స్క్రీన్‌లో ఉన్నట్టే ఉందా, ఎక్స్‌పోర్ట్‌కి ఎంతసేపు పట్టింది. ఒక సాయంత్రం పని. టాప్ 10 వీడియోలు చూసే టైంలో రెండు సాఫ్ట్‌వేర్లని ఇలా పరీక్షించేయొచ్చు. చాలామంది కట్ చేసి చూసి ఆగిపోతారు, ఎక్స్‌పోర్ట్ దాకా వెళ్ళరు, అసలు తిప్పలు అక్కడే బయటపడతాయి.

ప్రశ్న: మాది కొత్త కంప్యూటరే, గేమ్స్ బ్రహ్మాండంగా ఆడతాయి, అయినా కెమెరాలో తీసిన 4కే క్లిప్ టైమ్‌లైన్ మీద, అదే క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ మీద, పెట్టగానే ఆగి ఆగి వస్తోంది. ఒక క్లిప్‌కైతే బొమ్మే రాదు, సౌండ్ ఒక్కటే. సాఫ్ట్‌వేర్ మార్చమంటారా?

జవాబు: మార్చకండి, ముందు ఆ ఫైల్ ఏంటో చూడండి. మీడియాఇన్ఫో అని చిన్న ఫ్రీ ప్రోగ్రాం ఉంటుంది, క్లిప్ అందులో పడేస్తే దాని జాతకం మొత్తం చెప్తుంది.

విషయం ఏంటంటే హెచ్.264, హెచ్.265 లాంటి ఫార్మాట్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఒక ఫ్రేమ్ పూర్తిగా దాచి, తర్వాత వచ్చేవాటిలో ఏం మారిందో అంతవరకే రాసుకుంటుంది. అందుకే సైజు తక్కువ. వరసగా చూస్తే ఏ ఇబ్బందీ లేదు, కానీ ఎడిటింగ్‌లో మనం వరసగా చూడం కదా, వెనక్కి లాగుతాం, మధ్యలో ఆపుతాం, ఒక్కో ఫ్రేమ్ జరుపుతాం. ఆగిన ప్రతిచోటా కంప్యూటర్ వెనక్కెళ్ళి పూర్తి ఫ్రేమ్‌ని పట్టుకుని అక్కడ్నుంచి లెక్కలు కట్టుకుంటూ రావాలి. హెచ్.265 ఇంకా గట్టిగా కుదించి పెడుతుంది కాబట్టి దాన్ని విప్పడానికి ఇంకా కష్టం. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటివి దీనికి రివర్స్, ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది, ఫైల్ భారీగా ఉంటుంది, ఎడిటింగ్ మాత్రం నూనె పూసినట్టు సాగుతుంది.

బొమ్మ రాకుండా సౌండ్ ఒక్కటే వచ్చే క్లిప్ బహుశా 10 బిట్ 4:2:2 రకం, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచుకునేది. ఈమధ్య కెమెరాలు చాలావరకు ఇది ఇస్తున్నాయి. దీన్ని విప్పే ఏర్పాటు అన్ని గ్రాఫిక్స్ చిప్‌లలోనూ ఉండదు, విండోస్‌లో రిజాల్వ్ ఫ్రీ వర్షన్ కూడా ఈ రకం ఫైళ్ళలో కొన్నింటిని తీసుకోదు. లినక్స్ వాడేవాళ్ళకైతే ఇంకా ఘోరం, అక్కడ ఫ్రీ వర్షన్ మామూలు హెచ్.264 ఫైల్ కూడా తెరవదు, మార్చి పెట్టుకోవాల్సిందే. కెమెరా కొనేముందు ఎవరూ ఈ సంగతి చెప్పరు.

దారి ఏంటంటే ప్రాక్సీ. ప్రతి క్లిప్‌కీ ఒక చిన్న కాపీ చేసుకుని దాంతో ఎడిట్ చేసి, చివర్లో ఒరిజినల్‌తో ఎక్స్‌పోర్ట్ చేయడం. 4కే అంటే 3840 బై 2160, దానికి 960 బై 540 ప్రాక్సీ చేస్తే పిక్సెల్స్ 16లో ఒక వంతు అవుతాయి, ఎంత తేలికో మీరే ఊహించుకోండి. ప్రీమియర్, రిజాల్వ్, యాపిల్ వాళ్ళ ఫైనల్ కట్, కేడెన్‌లైవ్, షాట్‌కట్ అన్నింట్లోనూ ఉంది. బొమ్మే రాని ఆ క్లిప్‌ని మాత్రం ముందు షట్టర్ ఎన్‌కోడర్ లాంటి ఫ్రీ టూల్‌లో డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్‌కి మార్చుకుని తెచ్చుకోండి. డిస్క్‌లో జాగా చూసుకోండి, కెమెరాలో 100 మెగాబిట్ల క్లిప్ అంటేనే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ, మార్చిన ఫైల్ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. ఫోకస్ కుదిరిందో లేదో ప్రాక్సీలో చూసి నిర్ణయించకండి, చిన్న బొమ్మలో అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి, టేక్ ఎంచుకునేటప్పుడు ఒరిజినల్ పెట్టి కళ్ళ దగ్గర జూమ్ చేసి చూడండి. రెండోది, ఎక్స్‌పోర్ట్ చేసేముందు ప్రాక్సీ ఆఫ్‌లో ఉందా లేదా చూడండి, ఫైనల్ కట్‌లో ప్రాక్సీ మీదే ఉంచి ఎక్స్‌పోర్ట్ కొడితే ఆ మసక బొమ్మే బయటికొస్తుంది, అది హెచ్చరిస్తుంది కానీ మనం చదవకుండా ఓకే నొక్కేస్తాం కదా.

ప్రశ్న: ఫోన్లో తీసిన ఇంటర్వ్యూ ఇది. మొదట్లో మాట, పెదాలు బాగానే కలిశాయి, పది నిమిషాలయ్యేసరికి మాట ముందు వస్తోంది పెదాలు తర్వాత కదులుతున్నాయి. మూడు సాఫ్ట్‌వేర్లు మార్చి చూశాను, పూర్తిగా పోలేదు.

జవాబు: మీ ఉత్తరంలో అసలు ఆధారం మీరే ఇచ్చారు అమ్మా, మొదట్లో బాగుంది తర్వాత పోయింది అన్నారు చూడండి, అదే. మొదటి నుంచీ చివరిదాకా ఒకే తేడా ఉంటే సౌండ్‌ని కొంచెం జరిపితే చాలు. పోనుపోను తేడా పెరుగుతోందంటే అనుమానించాల్సింది ఫ్రేమ్ రేట్‌ని.

ఫోన్ కెమెరా సెకనుకి 30 ఫ్రేములు అని చెప్తుంది గానీ ఆ మాట మీద నిలబడదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువసేపు తీసుకుంటుంది, వేడెక్కితే కొన్ని వదిలేస్తుంది, అలా ఒక సెకనులో 30, ఇంకో సెకనులో 27 వస్తాయి. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. సౌండ్ మాత్రం గడియారంలా సమానంగా రికార్డ్ అవుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి కావాల్సింది సమానమైన ఫ్రేములు, లేకపోతే అది తనకి తోచినట్టు సర్దుకుంటుంది. కొన్ని బాగా సర్దుతాయి, ప్రీమియర్‌లో 2018 నుంచి దీనికి ఏర్పాటు ఉంది, కొన్ని సర్దలేవు, అందుకే మీకు సాఫ్ట్‌వేర్ మారిస్తే కొంచెం తేడా కనిపించి ఉంటుంది కానీ రోగం మాత్రం అలాగే ఉంది.

మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ అన్న చోట వేరియబుల్ అని ఉంటే ఖాయం. హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ ప్రోగ్రాం తెచ్చుకోండి, క్లిప్ అందులో వేసి వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 ఎంచుకుని, దాని కిందే ఉండే కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ అన్న గుండ్రం నొక్కండి. క్వాలిటీ స్లైడర్‌లో ఆర్ఎఫ్ 18 దగ్గర పెట్టండి, ఆ నంబర్ తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, చాలామంది ఉల్టా అనుకుంటారు. వచ్చిన కొత్త ఫైల్‌తో ఎడిట్ మొదలుపెట్టండి. ఇప్పటికే సగం ఎడిట్ అయిపోయి ఉంటే పాత క్లిప్ స్థానంలో కొత్తది పెట్టినప్పుడు కట్‌లు కొంచెం అటూఇటూ జరుగుతాయి, ఓపిగ్గా సరిచేసుకోవాల్సిందే, వేరే మందు లేదు.

ఇకమీదట ఫ్రేమ్ రేట్, షట్టర్ లాక్ చేసే కెమెరా యాప్ వాడండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీ, 2023లో ఐఫోన్‌కీ 2024లో ఆండ్రాయిడ్‌కీ వచ్చింది, కాకపోతే అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడవదు. వెలుతురు పెంచండి, అన్నిటికంటే అదే ఎక్కువ పని చేస్తుంది. కరెంట్ 50 హెర్ట్జ్ ఉన్నచోట 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెడితే లైట్లు మినుకుమనకుండా ఉంటాయి, 60 హెర్ట్జ్ ఉన్నచోట 30, షట్టర్ సెకనులో 60వ వంతు. తీసిన ఫ్రేమ్ రేటే ప్రాజెక్ట్‌లోనూ పెట్టుకోండి, ఎందుకంటే రిజాల్వ్‌లో ఒకసారి టైమ్‌లైన్ మొదలయ్యాక ఆ టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు, యాపిల్ వాళ్ళ ఫ్రీ ఎడిటర్ ఐమూవీ అయితే అడగను కూడా అడగదు, మీరు మొదట ఏ క్లిప్ వేస్తే దాని లెక్కే మొత్తానికీ తీసేసుకుంటుంది.

ప్రశ్న: రిజాల్వ్ ఫ్రీ అంటారు, అంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఊరికే ఎందుకిస్తారు? ఎక్కడో మెలిక ఉండాలి కదా.

జవాబు: అనుమానం మంచిదే. డావిన్చి అనేది మొదట సినిమా ల్యాబుల్లో కలర్ సరిచేసే ఖరీదైన మెషిన్ల పేరు. ఆ కంపెనీని 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొనేసింది. వాళ్ళు అమ్మేది కెమెరాలు, స్విచ్చర్లు, కలర్ చేసే ప్యానెల్స్, కార్డులు. సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటైతే రేపు సామాను కూడా వాళ్ళదే కొంటారని లెక్క, అందులో దాపరికం ఏమీ లేదు. తర్వాత ఒక్కొక్కటీ తెచ్చి కలిపారు, 2017లో సౌండ్ కోసం ఫెయిర్‌లైట్, 2018లో గ్రాఫిక్స్ కోసం ఫ్యూజన్. అందుకే మొదటిసారి తెరిచినవాళ్ళు కింద వరసగా ఉన్న పేజీలు చూసి బెదిరిపోతారు. మీరు ఎడిట్ పేజీలో కూర్చోండి, కలర్ పేజీకి తర్వాత వెళ్ళండి, ఫ్యూజన్ వైపు మొదటి నెల చూడకపోయినా కొంప మునగదు.

మెలికలు ఉన్నాయి కానీ కొత్తవాళ్ళకి పెద్దగా తగలవు. ఫ్రీ వర్షన్‌లో ఎక్స్‌పోర్ట్ 3840 బై 2160 దాకా, సెకనుకి 60 ఫ్రేముల దాకా. మసక వెలుతురులో తీసిన క్లిప్‌లో చుక్కలు తగ్గించే నాయిస్ రిడక్షన్ డబ్బులిచ్చి కొనే స్టూడియో వర్షన్‌లోనే ఉంటుంది. స్టూడియో ఎఫెక్ట్ ఏదైనా పొరపాటున వేస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ వచ్చేస్తుంది, తీసేస్తే పోతుంది, కంగారు పడక్కర్లేదు. స్టూడియో కావాలనుకుంటే ఒక్కసారి కొంటే సరిపోతుంది, నెలనెలా కట్టనక్కర్లేదు.

మిగతా ఫ్రీలతో పోలిస్తే ఇది పెద్ద మనసే. లైట్‌వర్క్స్ ఫ్రీ వర్షన్‌లో ఎక్స్‌పోర్ట్ 720పీ, అంటే 1280 బై 720 దగ్గరే ఆగిపోతుంది, పెద్ద తెర మీద అది నిలవదు. ప్రీమియర్ విషయానికొస్తే 2013లో అడోబీ సబ్‌స్క్రిప్షన్‌కి మారిపోయింది, కట్టడం ఆపేస్తే మీ ప్రాజెక్ట్ ఫైల్ మీ దగ్గరే ఉంటుంది కానీ తెరవలేరు. నాకు ప్రీమియర్ మీద కోపమేం లేదు, మీతో పని చేసే ఎడిటర్ దాంట్లోనే ఉంటే, లేదా అడోబీ వాళ్ళదే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో రోజూ పని ఉంటే అదే సరైంది. ఏడాదికి ఒక షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ళు నెలనెలా కట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

ప్రశ్న: డబ్బులు కట్టకుండా వాడేలా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్ ఇస్తానన్నాడు. వాడొచ్చా?

జవాబు: వద్దు. దొంగతనం అన్న సంగతి అలా ఉంచినా, ఆ ఇన్‌స్టాలర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది చూడండి, ఆ ఒక్క లైన్ చాలు. మీ ఫుటేజ్ మొత్తం ఉన్న మెషిన్‌లో తెలియనివాడి ప్రోగ్రాం పెట్టి తలుపులు తీస్తారా? పైగా పక్కన రిజాల్వ్, కేడెన్‌లైవ్ ఊరికే ఉన్నాయి.

ప్రశ్న: నా దగ్గర కంప్యూటర్ లేదు, ఫోన్ ఒక్కటే. సినిమా ఎడిట్ చేయగలనా?

జవాబు: మూడు నాలుగు నిమిషాలదైతే నిక్షేపంగా. వీఎన్, కైన్‌మాస్టర్, క్యాప్‌కట్ లాంటివి కటింగ్‌కి సరిపోతాయి, కాకపోతే ఫ్రీలో కైన్‌మాస్టర్ వాటర్‌మార్క్ వేస్తుంది, ఇంకొన్నింట్లో మంచి ఎఫెక్టులన్నీ వాడనిచ్చి ఎక్స్‌పోర్ట్ దగ్గరకొచ్చాక ఇది ప్రో ఫీచర్ అని డబ్బులు అడుగుతాయి, అందుకే ఎక్స్‌పోర్ట్ పరీక్ష ముందే పెట్టుకోమనేది. లూమాఫ్యూజన్ డబ్బులిచ్చి కొనాలి కానీ ట్రాకుల లెక్క కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లాగే ఉంటుంది, ఐప్యాడ్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. రిజాల్వ్ కూడా 2022 నుంచి ఐప్యాడ్‌లో ఉంది.

ఫోన్ యాప్‌లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్‌ని తర్వాత కంప్యూటర్‌లో వేరే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవడం చాలావరకు కుదరదు, అది ముందే తెలిసి దిగండి. చెవులకి మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో డైలాగ్ వెనక ఫ్యాన్ మోత వినపడదు, హాల్లో వేస్తే అదొక్కటే వినపడుతుంది.

ప్రశ్న: మ్యాక్ ఉంది, ఐమూవీతో మొదలుపెట్టా. ఫైనల్ కట్‌కి వెళ్ళాలా? ఒకటి నేర్చుకుని ఇంకోదానికి మారితే మళ్ళీ అ ఆల నుంచేనా?

జవాబు: ఐమూవీలో మీకు అడ్డం పడేది ట్రాకులు. ఒక ప్రధాన వీడియో, దానిమీద ఒకటి, అంతే. అది చాలడం లేదని మీకు అనిపించినరోజు మారండి, అంతకు ముందు ఎవరో అన్నారని మారకండి. ఐమూవీ ప్రాజెక్ట్ ఫైనల్ కట్‌లోకి నేరుగా వెళ్ళిపోతుంది, ఆ సౌకర్యం వేరేవాటికి లేదు.

మళ్ళీ మొదటి నుంచి అనేది ఉండదు. జే కే ఎల్ మీటలతో వెనక్కి, ఆపు, ముందుకి, ఐ నొక్కితే మొదలు, ఓ నొక్కితే చివర, ఇవి దాదాపు అన్నింట్లో ఒకటే. ఎక్కడ కట్ చేయాలో మీకు వచ్చిన తెలివి ఏ సాఫ్ట్‌వేర్‌దీ కాదు కదా. కాకపోతే ఫైనల్ కట్‌లో మ్యాగ్నెటిక్ టైమ్‌లైన్ అని ఒకటుంది, ఒక క్లిప్ తీసేస్తే మిగతావి వాటంతటవే వచ్చి అతుక్కుంటాయి, ఖాళీ మిగలదు. 2011లో దీన్ని కొత్తగా తెచ్చినప్పుడు పాత ఫైనల్ కట్ ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు, ప్రొఫెషనల్ ఎడిటర్లు నానా గొడవ చేశారు, కొందరు అప్పుడే ప్రీమియర్‌కి వెళ్ళిపోయారు. ఇప్పుడు అదంతా సద్దుమణిగింది. దీనికి అలవాటు పడ్డవాళ్ళకి వేరే టైమ్‌లైన్ చూస్తే చిరాకు, వేరేదానికి అలవాటు పడ్డవాళ్ళకి ఇది చూస్తే చిరాకు. నాకు రెండో చిరాకు.

ప్రశ్న: టైటిల్స్ తెలుగులో వేస్తుంటే వత్తులు విడిపోతున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా వస్తాయి?

జవాబు: లక్ష్మి అని కొడితే లక్‌ష్‌మి అని వస్తోందన్నమాట. ముందు ఫాంట్ చూడండి, యూనికోడ్ ఫాంటే అయ్యుండాలి, పాత డీటీపీ ఫాంట్లతో ఇంటర్నెట్ నుంచి కాపీ చేసిన తెలుగు కుదరదు. యూనికోడ్ అయినా విడిపోతుంటే తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు పేర్చే ఇంజన్‌ది. ప్రీమియర్ పాత వర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ దగ్గర దక్షిణాసియా లిపుల ఇంజన్ విడిగా ఎంచుకోవాలి. కేడెన్‌లైవ్‌లో మామూలుగా సరిగ్గానే వస్తాయి. రిజాల్వ్‌లో రెండు మూడు రకాల టైటిల్స్ ఉంటాయి, ఒకదాంట్లో విరిగితే ఇంకోదాంట్లో కొట్టి చూడండి.

ఏదీ కుదరకపోతే ఇంక్‌స్కేప్ అనే ఫ్రీ డ్రాయింగ్ ప్రోగ్రాంలో 1920 బై 1080 పేజీ పెట్టుకుని టైటిల్ టైప్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పీఎన్‌జీగా తీసి టైమ్‌లైన్ మీద వేసేయండి. సబ్‌టైటిల్స్ ఎస్‌ఆర్‌టీ ఫైల్ అయితే సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెరమీద ప్రశ్నార్థకాలు వరస కడతాయి. అన్నట్టు ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకే పదంతో పరీక్ష పెట్టకండి, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న ఈ మూడూ కొట్టండి, ఇవి నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి.

ప్రశ్న: నేను కేడెన్‌లైవ్‌లో కట్ చేశా. సౌండ్ చేసేవాడు వేరే సాఫ్ట్‌వేర్ వాడతాడు. ప్రాజెక్ట్ ఎలా ఇవ్వాలి?

జవాబు: మొదట అతనికి ఫోన్ చేసి ఏం కావాలో అడగండి, సగం గొడవలు అడగకపోవడం వల్లే. మామూలుగా సౌండ్‌వాళ్ళు ఏఏఎఫ్ అడుగుతారు, కట్‌లనీ సౌండ్ క్లిప్పుల్నీ వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మోసుకెళ్ళే ఫైల్ అది, ప్రీమియర్, రిజాల్వ్ అది ఇస్తాయి, ఇచ్చేటప్పుడు ప్రతి క్లిప్‌కీ ముందూ వెనకా రెండు సెకన్లు అదనంగా ఉంచమని సెట్టింగ్‌లో చెప్పాలి, ఫేడ్ చేసుకోవడానికి. కేడెన్‌లైవ్‌లో ఆ దారి లేదు, అందుకని రెండర్ దగ్గర ఒక్కో ఆడియో ట్రాక్‌నీ విడి ఫైల్‌గా తీసే ఆప్షన్ పెట్టి, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్ళుగా ఇచ్చేయండి. అన్నీ సినిమా మొదటి ఫ్రేమ్ నుంచే మొదలవ్వాలి, అప్పుడు అతను అన్నింటినీ సున్నా దగ్గర పెడితే వాటంతటవే కుదురుతాయి. వాటితో పాటు టైమ్‌కోడ్ కనిపించేలా ఒక చిన్న వీడియో కూడా.

కలర్ చేసేవాళ్ళకి ఇవ్వాలంటే ఎక్స్‌ఎంఎల్, ఈడీఎల్ అని కట్‌ల లెక్క రాసిపెట్టే ఫైళ్ళు ఉన్నాయి, ఈడీఎల్‌లో ఒక వీడియో ట్రాక్ సమాచారమే వెళ్తుంది కాబట్టి అన్నీ ఒక ట్రాక్ మీదకి దింపాలి. ఏ దారిలో పంపినా కట్‌లు వెళ్తాయి గానీ టైటిల్స్, ఎఫెక్ట్స్, స్పీడ్ మార్చినవి సరిగ్గా వెళ్తాయని ఆశపడొద్దు. ఇంకోటి, ఇచ్చాక కట్ మార్చకూడదు. ఒక్క షాట్ ఒక్క సెకను తగ్గిద్దాం అని మీకు అనిపిస్తుంది, అక్కడ అతను చేసిన పనంతా సెకను పక్కకి జరుగుతుంది.

ప్రశ్న: పొద్దున్న ప్రాజెక్ట్ తెరిస్తే టైమ్‌లైన్ మొత్తం ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్ అని వచ్చింది. ఎడిట్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు. ప్రాజెక్ట్‌లో ఉండేది ఏ క్లిప్ ఎక్కడ కట్ అయిందన్న లెక్క, క్లిప్పులు కాదు. ఆ ఫోల్డర్‌ని మీరో ఇంకెవరో జరిపారు, పేరు మార్చారు, లేదా ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ఈసారి వేరే అక్షరం వచ్చింది. రీలింక్ కొట్టి ఫోల్డర్ చూపిస్తే అన్నీ తిరిగొస్తాయి. కొన్ని కెమెరాలు కార్డ్ మార్చినప్పుడల్లా 0001 నుంచి మళ్ళీ మొదలుపెడతాయి, ఒకే పేరుతో రెండు క్లిప్పులుంటే తప్పుది అతుక్కోవచ్చు, అది చూసుకోండి. క్లిప్పులు వచ్చినరోజే రోజుకో ఫోల్డర్, కార్డ్‌కో ఫోల్డర్ పెట్టి, ఇంకో డిస్క్‌లో ఒక కాపీ వేసి, ఆ తర్వాతే కార్డ్ ఫార్మాట్ చేయండి. రిజాల్వ్ వాడేవాళ్ళకి ఒక అదనపు మాట, అది ప్రాజెక్ట్‌ని ఫైల్‌గా కాకుండా తన లైబ్రరీలో దాచుకుంటుంది, కాబట్టి ఫుటేజ్ ఫోల్డర్ కాపీ చేసినంత మాత్రాన ఎడిట్ కాపీ అవ్వదు, ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ అని కొట్టి డీఆర్‌పీ ఫైల్ విడిగా తీసి పెట్టుకోవాలి.

ప్రశ్న: సగం ఎడిట్ అయింది, కొత్త వర్షన్ వచ్చిందని అప్‌డేట్ అడుగుతోంది. చేసేయనా?

జవాబు: ఆగండి. కొత్త వర్షన్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాతదాంట్లో మళ్ళీ తెరుచుకోదు, ప్రీమియర్‌లోనూ అంతే రిజాల్వ్‌లోనూ అంతే. సినిమా ఎక్స్‌పోర్ట్ అయ్యి, చూడాల్సినవాళ్ళు చూసి, ఇంక మార్పులు లేవు అన్నాక చేయండి. మీకు ఇప్పుడు తగులుతున్న తప్పు ఏదో ఆ అప్‌డేట్‌లో సరిచేశామని వాళ్ళే రాసి ఉంటే అది వేరే సంగతి, అప్పుడు కూడా ముందు ప్రాజెక్ట్ కాపీ తీసుకుని, ఆ కాపీ మీద.